ఇంట్లో జపాన్ తోట: తిరుపతి ఎండకు నిలిచేదేది, నిలవనిదేది

మా ఇంటికి తూర్పు పక్క ఆరడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు సందు ఉంది. వంటింటి కిటికీ దాని మీదికే తెరుచుకుంటుంది. నాలుగేళ్ళ కిందట అక్కడ జపాన్ తోట ఉంటే బాగుంటుందని తోటలు వేసేవాళ్ళను పిలిచాం. వాళ్ళు తెల్ల పాలిష్ గులకరాళ్ళు పరిచారు. మధ్యలో లాఫింగ్ బుద్ధను కూర్చోబెట్టారు. చిన్న ఎర్ర వంతెన పెట్టారు, కింద నీళ్ళు లేవు. అంచుల్లో పచ్చని నాచు అతికించి, డబ్బులు తీసుకుని వెళ్ళిపోయారు.

గంగమ్మ జాతర నాటికి నాచు టీపొడిలా అయింది. పొద్దున ఏడింటికే తెల్లరాళ్ళ మీద నుంచి ఎండ కళ్ళలోకి కొడుతుంటే అమ్మ వంటింటి కిటికీకి పాత చీర కట్టేసింది. నవంబర్‌లో మూడు రోజులు వాన పట్టుకుంటే సందులో నీళ్ళు నిలబడి గులకరాళ్ళు గేటు దాకా కొట్టుకొచ్చాయి. బుద్ధుడు మాత్రం నవ్వుతూనే ఉన్నాడు.

తప్పంతా వాళ్ళదే అనను. ఫోన్లో ఫోటో చూపించి "ఇట్లా కావాలి" అన్నది మేమే. జపాన్ తోట ఒక్క రకం కాదని, ఒక్కో రకానికి ఒక్కో జాగా, ఒక్కో రకం ఓపిక కావాలని అప్పటికి మాకు తెలియదు. ఇప్పుడు అలాంటి ఆలోచనలో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. తిరుపతిలో, చిత్తూరులో, ఆ చుట్టుపక్కల ఎండలో ఇల్లున్నవాళ్ళకే ఇది పనికొస్తుంది. మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ వైపు వాళ్ళకు చలి ఎక్కువ కాబట్టి లెక్క కొంచెం మారుతుంది.

## ముందు చూసుకోవాల్సినవి

మన దగ్గర ఏ తోటైనా రెండు పరీక్షలు రాయాలి. ఒకటి మే నెలది, ఒకటి నవంబర్‌ది. మేలో నలభై డిగ్రీలు దాటిన ఎండ. నవంబర్‌లో ఈశాన్య రుతుపవనాల వాన. 2021 నవంబర్‌లో ఊరు ఎట్లా మునిగిందో తిరుపతివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇంటర్నెట్‌లో కనబడే సలహాలన్నీ మంచు కురిసే దేశాల వాళ్ళు రాసినవి. వాళ్ళ తోటకు ఈ రెండు పరీక్షలూ లేవు.

నీడ. ఒక ఆదివారం ఇంట్లోనే ఉండి, తోట పెట్టాలనుకున్న చోటును ఉదయం 8కి, 10కి, మధ్యాహ్నం 12కి, 2కి, సాయంత్రం 4కి ఫోటో తీయండి. ఐదు ఫోటోల్లో మూడింట నీడ ఉంటే మీకు మొక్కల తోట సాధ్యం. నాలుగింట ఎండే ఉంటే రాళ్ళ వైపు చూడండి. ఇంతకు మించిన పరీక్ష నాకు తెలియదు, దీనికి ఖర్చూ లేదు.

నీళ్ళు. ఎన్ని వస్తాయన్నదే కాదు, ఎలాంటివి వస్తాయన్నదీ చూడాలి. మా బోరు నీళ్ళు నల్లరాయి మీద నెల రోజులు పడితే తెల్లగా పొర కట్టేస్తుంది. ఆకుల మీదా అంతే. జపాన్ తోటల్లో తడిసిన రాయి నల్లగా మెరవడమే అందం. ఉప్పునీళ్ళ బోరుంటే ఆ అందం ఉండదు.

ఊడ్చే మనిషి. ఈ తోటల్లో మొక్కలు తక్కువ కాబట్టి పని తక్కువని చాలామంది అనుకుంటారు. నిజానికి తిరగబడి ఉంటుంది. ఖాళీ ఎక్కువున్న చోట ఎండుటాకు ఒక్కటి పడినా కనబడుతుంది. రోజుకు ఎన్ని నిమిషాలు ఇస్తారో ముందే ఒప్పుకోండి. ఇంట్లో ఎవరు ఇస్తారో కూడా.

బరువు. మిద్దె మీద పెట్టాలనుకునేవాళ్ళకు ఇదే అన్నిటికంటే ముఖ్యం. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు భారతీయ ప్రమాణాల ప్రకారం లెక్కగట్టే అదనపు భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. రెండంగుళాల మందం కంకర పరిస్తేనే అందులో సగం అయిపోతుంది. అడుగు లోతు నీళ్ళంటే 300 కిలోలు. ఇంజనీరును అడక్కుండా మిద్దె మీద కొలను కట్టకండి.

ఇంట్లో పాకే పిల్లలు, మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళు, పెంపుడు కుక్క ఉంటే అదీ లెక్కలోకి తీసుకోండి. ఒక్కోచోట అవసరమైనప్పుడు చెబుతా.

## రాళ్ళ తోట: కరేసన్‌సుయి

చుక్క నీరు లేకుండా నీటిని చూపించే తోట ఇది. కంకర సముద్రమైతే రాళ్ళు దీవులు. క్యోటోలోని ర్యోఆన్‌జీ గుడిలో సుమారు 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కంకర పరుపు మీద 15 రాళ్ళుంటాయి. వసారాలో ఎక్కడ కూర్చున్నా అన్నీ ఒక్కసారిగా కనబడవు, కనీసం ఒకటి దాక్కుంటుంది.

ఇది విని "మనకు ఇదే కరెక్టు, నీళ్ళు అక్కర్లేదు, మొక్కలు అక్కర్లేదు, పని లేదు" అంటారు. మొదటి రెండూ నిజం. మూడోది కాదు. కంకర మీద గీసిన గీతలే ఈ తోటకు ప్రాణం. గాలికి, వానకు, పిల్లి నడకకు అవి చెరిగిపోతాయి, మళ్ళీ గీయాలి. రోజూ వాకిలి ఊడ్చి ముగ్గేసే ఇంట్లో ఈ తోట బతుకుతుంది. స్టిక్కర్ ముగ్గు అతికించి ఏడాది గడిపే ఇంట్లో మూడు నెలలకే అది కంకర కుప్ప.

సరుకు విషయంలో మాత్రం మనంత అదృష్టవంతులు లేరు. క్యోటో గుళ్ళలో పరిచే 'షిరకావా సునా' కూడా గ్రానైట్ నుంచి వచ్చిన కంకరే. గ్రానైట్ క్వారీలున్న చిత్తూరు ప్రాంతంలో కూర్చుని ప్యాకెట్లలో అమ్మే తెల్ల గులకరాళ్ళు కొనడం, కొబ్బరితోట ఉండి కొబ్బరినూనె సీసా కొన్నట్టే. పైగా గులకరాయి గుండ్రంగా ఉంటుంది, దొర్లిపోతుంది, గీత నిలవదు. కోణాలున్న 6 మిల్లీమీటర్ల గ్రానైట్ చిప్స్ (సన్న రాతి ముక్కలు) అడగండి, డస్ట్ లేకుండా జల్లెడ పట్టినవి. రంగు బూడిద. తెలుపు వద్దు, ఎందుకో మా అమ్మ చీర చెబుతుంది. రేక్ బజార్లో దొరకదు. వడ్రంగిని అడిగి రెండంగుళాల ఎడంతో ఏడెనిమిది పళ్ళున్న చెక్క దంతె చేయించుకోండి.

అడుగున నేలను దిమ్మిస కొట్టి, ఎనిమిదడుగులకు ఒక అంగుళం చొప్పున వాలు పెట్టించండి. దాని మీద కలుపు రాకుండా వేసే నల్ల షీటు, ఆ పైన రెండంగుళాల చిప్స్. అంచుకు అడ్డుగా నాపబండ ముక్కలు నిలువుగా పాతాలి. మేము మొదటిసారి వదిలేసింది ఆ వాలునూ, ఈ అంచునే. నవంబర్ పరీక్షలో తప్పింది అందుకే.

ఇక రాళ్ళు. తిరుమల ఘాట్ రోడ్డు మీద వెళ్తున్నప్పుడు గమనించారా, కింద గ్రానైట్ గుండ్రంగా ఉంటుంది, పైన ఎర్రటి క్వార్ట్‌జైట్ పొరలు పొరలుగా పలకల్లా ఉంటుంది. ఆ రెండింటి మధ్య గీతను భూవిజ్ఞాన శాస్త్రవేత్తలు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు, దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. ఇంటి తోటకు అది ఒక పాఠం. గ్రానైట్ గుండు, క్వార్ట్‌జైట్ పలక కలిపి పెట్టకండి. ఏదో ఒకటే. పొరలున్న రాయైతే అన్ని రాళ్ళ పొరలూ ఒకే వైపు వాలి ఉండాలి, కొండ మీద ఉన్నట్టే. అయితే శేషాచలం అడవి నుంచి రాయి కాదు కదా, గుప్పెడు నాచు కూడా తేకండి. అది రక్షిత అడవి, నేరం. ఇళ్ళకు పునాదులు తవ్వే చోట గుండ్లు బయటపడుతూనే ఉంటాయి, అడిగితే ట్రాక్టరు బాడుగకు ఇచ్చేస్తారు.

పదకొండో శతాబ్దం నాటి 'సకుతేయికి' జపాన్‌లో తోటల మీద వచ్చిన అతి పాత పుస్తకం. అందులో ఒక నిషేధం ఉంది: పుట్టినచోట పడుకుని ఉన్న రాయిని తెచ్చి నిలబెట్టకూడదు. నిలబడిన రాయిని పడుకోబెట్టకూడదు. మా మేస్త్రీకి ఇది చెబితే నవ్వలేదు. "నిజమే సార్, రాయికి కింద మొహం వేరే ఉంటుంది" అని మట్టి అంటిన గుర్తు చూపించాడు. ఆ గుర్తు దాకా పాతాడు. మూడో వంతు నేలలోకి పోయాక రాయి అక్కడే మొలిచినట్టు కనబడింది. రెండడుగుల గుండు మూడొందల కిలోలు ఉంటుంది కాబట్టి కాంపౌండు గోడ కట్టకముందే లోపలికి దించుకోండి. గోడ అయ్యాక అంటే నలుగురు మనుషులు, గునపాలు, ఒక పూట తిట్లు.

ఒక హెచ్చరిక. వీధి పిల్లులకు సన్న కంకర అంటే మహా ఇష్టం, ఎందుకో మీకే తెలుస్తుంది. పిల్లుల బెడద ఉన్న వీధిలో 6 బదులు 10–12 మిల్లీమీటర్ల చిప్స్ వేసుకోండి. గీతలు కొంచెం మొద్దుగా వస్తాయి, సర్దుకోవాలి.

## సందు తోట: త్సుబోనివా

నా ఓటు దీనికే. ముందే చెప్పేస్తున్నా, పక్షపాతం ఉంది.

త్సుబో అంటే జపాన్‌లో ఒక కొలత, 3.3 చదరపు మీటర్లు. మన లెక్కలో దాదాపు నాలుగు గజాలు. క్యోటోలో పాతకాలపు వ్యాపారుల ఇళ్ళు ముందు వెడల్పు తక్కువగా, లోపలికి చాలా పొడవుగా ఉంటాయి. గాలీ వెలుతురూ రావడానికి మధ్యలో నాలుగైదు గజాల ఖాళీ వదిలి, అందులో ఒక చెట్టు, ఒక దీపం, ఒక నీళ్ళ తొట్టి పెట్టుకున్నారు. మన మండువా పుట్టిందీ అదే అవసరానికి. కొత్త ఇళ్ళలో మండువా పోయి సందులు మిగిలాయి. ఆ సందుల్లో మనం ఏం పెడుతున్నాం? ఏసీ బయటి డబ్బా, విరిగిన కుర్చీ, పాత పెయింటు డబ్బాలు.

మన ఎండకు ఇది ఎందుకు సరిపోతుందంటే, రెండు గోడల మధ్య జాగాకు రోజులో సగం నీడ దానంతట అదే వస్తుంది. మధ్యాహ్నం ఎండ తగలని తూర్పు సందు అయితే మరీ మంచిది. ఉత్తరపు సందూ పర్వాలేదు. పడమటి సందు మాత్రం పొయ్యి. అక్కడ రాళ్ళు తప్ప ఇంకేమీ వద్దు.

మా సందులో ఇప్పుడు ఉన్నవి ఇవే: మూడు గ్రానైట్ రాళ్ళు, ఒక సైకస్, నేలంతా మోండో గడ్డి, మా అవ్వ రోలు. అంతే. సైకస్ అంటే మన నర్సరీల్లో ఎప్పుడూ ఉండేదే, పెళ్ళి మండపాల ముందు కుండీల్లో పెట్టేదే కదా అనుకోవచ్చు. అది దక్షిణ జపాన్ సొంత మొక్క. క్యోటోలోని కత్సురా రాజభవనం తోటలో సైకస్‌లతోనే ఒక గుట్ట ఉంది. చలికాలంలో అక్కడ వాటికి గడ్డి చుట్టి కాపాడతారు. ఇక్కడ మనం ఏమీ చుట్టక్కర్లేదు. జపాన్ మొక్క కావాలని ఎక్కడెక్కడో వెతికేవాళ్ళకు అది పక్క వీధిలోనే దొరుకుతుంది. ఒకటే జాగ్రత్త: సైకస్ గింజలు, ఆకులు విషం. నోట్లో ఏదైనా పెట్టుకునే పిల్లలు, ఆకులు కొరికే కుక్క ఉంటే దాన్ని వదిలేసి గుబురుగా ఒకచోటే పెరిగే రకం వెదురు పెట్టుకోండి. నేల కింద పాకిపోయే వెదురు మాత్రం వద్దు, పక్కింటివాళ్ళతో మాటలుండవు.

మోండో గడ్డీ జపాన్‌దే, నీడను ఇష్టపడుతుంది, కత్తిరించే పని లేదు. మొదటి ఏడాది ఖాళీలు కనబడతాయి, కంగారు పడకండి. మేలో రోజు మార్చి రోజు సాయంత్రం నీళ్ళు చాలు.

దీని లోపం ఒకటే, మనం ఒప్పుకోని లోపం. ఇది తిరిగే తోట కాదు, చూసే తోట. కిటికీ లేని సందులో పెడితే ఎవరూ చూడరు. ముందు కిటికీ, తర్వాత తోట.

## తేనీటి బాట: రోజి

వీధి గేటు నుంచి వాకిలి దాకా పది, పదిహేనడుగుల దారి ఉన్నవాళ్ళకు ఇది. జపాన్‌లో అతిథులకు పద్ధతిగా తేనీరు ఇచ్చే గదికి వెళ్ళే దారిని ఇలా తీర్చేవారు. పదహారో శతాబ్దంలో సెన్ నో రిక్యూ అనే తేనీటి గురువు కాలంలో దీనికి రూపం వచ్చింది. ఎడంగా పరిచిన రాళ్ళ మీద కాలు చూసుకుంటూ నడవాలి, తొందర తగ్గాలి. దారి చివర వంగి చేతులు, నోరు కడుక్కునే రాతి తొట్టి. కాళ్ళు కడుక్కుని ఇంట్లోకి వచ్చే అలవాటున్న మనకు వివరించాల్సిన పని లేదు.

ఆ తొట్టిని వాళ్ళు త్సుకుబాయి అంటారు. ఆన్‌లైన్‌లో సిమెంటు నకళ్ళు అమ్ముతున్నారు, కొనకండి. పాత రోలు ఒకటి మీ ఊరి ఇంట్లో వేపచెట్టు కింద బోర్లా పడి ఉంటుంది. పాత వస్తువును కొత్త పనికి వాడుకోవడాన్ని జపాన్ తోటమాలులు 'మితతే' అంటారు. వాడేసి పక్కన పడేసిన తిరగలి రాళ్ళను వాళ్ళు బాటలో అడుగురాళ్ళుగా పరుస్తారు. ఇది చదివి మా ఇంటి ఇసుర్రాయిని బాటలో పెట్టబోతే అమ్మ ఊరుకోలేదు. "పెళ్ళిలో పసుపు పూసి దండం పెట్టినదాని మీద కాలు పెడతావా?" అంది. జపాన్ వరకు బాగానే ఉంది, మా వాకిట్లో కుదరదు. ఇసుర్రాయి గోడకు ఆనించి ఉంది, బాటలో కడప బండ ముక్కలు పడ్డాయి.

రోట్లో నీళ్ళు నిలవ ఉంచితే దోమలు. మన వేడికి దోమ గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం, పది రోజులు చాలు. మంగళవారం, శుక్రవారం రోలు వంచి కడిగి కొత్త నీళ్ళు పోస్తాం. పూజ రోజులు కాబట్టి మరిచిపోం.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే మాత్రం ఈ రకం వదిలేయండి. ఎగుడుదిగుడు రాళ్ళ మీద అడుగు చూసుకుని నడవడం వాళ్ళకు ధ్యానం కాదు, టెన్షన్.

## కొలను తోట

అందరూ అడిగేది ఇదే. రంగురంగుల కోయి చేపలు, చిన్న జలపాతం. మా దగ్గర లేదు. దగ్గరి బంధువుల ఇంట్లో ఉంది, ప్రతి వేసవిలో వాళ్ళ బాధ చూస్తున్నా.

కోయి చిన్న చేప కాదు, సరిగ్గా పెరిగితే రెండడుగులు అవుతుంది. కనీసం మూడడుగుల లోతు, ఫిల్టరు, పగలూ రాత్రీ ఆగని పంపు కావాలి. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, మేలో మధ్యాహ్నం కరెంటు పోతే చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి వస్తాయి. వంద చదరపు అడుగుల కొలను మీద రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే 75 లీటర్లు పోయినట్టు. అంటే రోజూ నాలుగైదు బిందెలు పోయాలి. బోరు నీళ్ళైతే నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది, కొలను రోజురోజుకూ చిక్కబడుతుంది. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో ఇది పెట్టుకోవడం నాకైతే మనసొప్పదు. అలిపిరి వైపు కొండ దగ్గరి ఇళ్ళలో కోతులు, పాములు కూడా ఈ నీటికి అతిథులే.

నీటి శబ్దం ఒక్కటే కావాలనుకుంటే కొలను అక్కర్లేదు. వెదురు గొట్టం నుంచి సన్నటి ధార రోట్లో పడేలా చిన్న పంపు పెట్టి, పొంగిన నీరు కంకర కింద దాచిన డ్రమ్ములోకి పోయి మళ్ళీ పైకి వచ్చేలా చేసుకోవచ్చు. యాభై లీటర్లు చాలు. నిండగానే వంగి రాయి మీద టక్కున కొట్టే వెదురు గొట్టాన్ని షిషి ఒదోషి అంటారు. జింకలను, అడవి పందులను పొలాల నుంచి తరమడానికి పుట్టిన సాధనం అది. పలమనేరు, కుప్పం రైతులు నవ్వుతారేమో, వాళ్ళ పొలాల్లోకి వచ్చేవి ఏనుగులు.

## బాల్కనీ తోట

అపార్ట్‌మెంటు వాళ్ళకు. రెండడుగుల సిమెంటు పళ్ళెంలో కంకర, మూడు రాళ్ళు, ఒక బోన్సాయ్. బోన్సాయ్‌కి చింత, జువ్వి, కాగితం పూలు మన ఎండకు తట్టుకుంటాయి. మేలో రెండు పూటలా నీళ్ళు పోయాలి, వారం ఊరెళ్తే మనిషిని పెట్టాలి. నాచు బంతుల్లా వేలాడదీసే కొకెదామా ఇక్కడ నాచుతో కాదు, కొబ్బరిపీచు చుట్టి చేసుకుంటేనే నిలుస్తుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| రకం | కనీస జాగా | మే పరీక్ష | నవంబర్ పరీక్ష | రోజూ పని | మొదటి ఖర్చు |
|---|---|---|---|---|---|
| రాళ్ళ తోట | 8–10 గజాలు | పాస్, తెల్ల కంకర కాకుంటే | వాలుంటే పాస్ | 10–15 నిమిషాలు | మధ్యస్తం, గుండ్లు దింపే బాడుగే ఎక్కువ |
| సందు తోట | 4 గజాలు | నీడ ఉంటే పాస్ | పాస్ | 5 నిమిషాలు | తక్కువ |
| తేనీటి బాట | 10 అడుగుల దారి | పాస్ | రాళ్ళు జారతాయి, చూసుకోవాలి | 5–10 నిమిషాలు | తక్కువ నుంచి మధ్యస్తం |
| కొలను | 12 గజాలు పైనే | కష్టం | పొంగి చేపలు బయటపడే భయం | 30 నిమిషాలు, కరెంటు బిల్లు | చాలా ఎక్కువ |
| బాల్కనీ | ఒక పళ్ళెం | నీళ్ళు పోస్తే పాస్ | పళ్ళేనికి రంధ్రం ఉంటే పాస్ | 10 నిమిషాలు | తక్కువ |

చిప్స్ ఎన్ని కావాలో లెక్క వేసుకోవడానికి: నాలుగు గజాలకు, అంటే 36 చదరపు అడుగులకు, రెండంగుళాల మందం వేస్తే 6 ఘనపుటడుగులు (సీఎఫ్‌టీ), బరువు 260–270 కిలోలు.

## మొక్కల బదులు

మేపుల్, సకురా అని పట్టుబట్టేవాళ్ళకు: రెండింటికీ చలి కావాలి, తిరుపతిలో దొరకదు. ఆన్‌లైన్‌లో మేపుల్ గింజలు అమ్మేవాళ్ళు ఎలాగూ మీ ఇంటికొచ్చి చూడరు.

| అక్కడ | ఇక్కడ | మాట |
|---|---|---|
| మబ్బుల్లా కత్తిరించే పైన్ | సరుగుడు లేదా జువ్వి | సరుగుడు పైపై కత్తిరింపులకు ఓర్చుకుంటుంది, ఆకూ సూదిలాగే కనబడుతుంది |
| గుండ్రంగా కత్తిరించే అజేలియా | చిన్నరకం నూరువరహాలు | పూలు కావాలా, గుండ్రటి ఆకారం కావాలా తేల్చుకోండి, రెండూ కుదరవు |
| నాచు | ఎండలో కత్తిరించని కొరియన్ గడ్డి, నీడలో మోండో గడ్డి | కొరియన్ గడ్డిని కోయకుండా వదిలితే నాచు గుట్టల్లాగే ఉబ్బుతుంది |
| మేపుల్ ఎరుపు | వీధి బాదం | ఆకులు రాలేముందు ఎర్రబడతాయి, కానీ పెద్ద చెట్టు, పెద్ద పెరడు కావాలి |
| రాలే సకురా రేకులు | పారిజాతం | తెల్లవారేసరికి బూడిద కంకర మీద తెల్లగా, కాషాయం కాడలతో పరుచుకుంటుంది. అది చూశాక దంతె పట్టబుద్ధి కాదు |

## ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళి ఏడింటికి ఇల్లు చేరేవాళ్ళైతే సందు తోట. రాత్రి చిన్న లైటు వేస్తే అప్పుడూ బాగుంటుంది. పదవీ విరమణ చేసి, పొద్దున ఐదింటికే లేచి ఏం చేయాలో తెలియనివాళ్ళకు రాళ్ళ తోట మందు లాంటిది. మా వీధి చివర ఒక మాస్టారు దంతె పట్టాక వాకింగ్ మానేశారు, డాక్టరు ఒప్పుకున్నారట. చిన్నపిల్లల ఇల్లైతే రాళ్ళ తోటను మూడేళ్ళు వాయిదా వేయండి. ఆ చిప్స్ ముక్కులోకి, చెవిలోకి వెళ్తాయి. అద్దె ఇల్లైతే పళ్ళెం తోటే, వెళ్ళేటప్పుడు ఆటోలో పెట్టుకుపోవచ్చు.

ఇంట్లో వాస్తు చూసే పెద్దవాళ్ళుంటే గొడవ పెట్టుకోకండి. నీళ్ళ రోలు ఈశాన్యంలో, బరువైన గుండ్లు నైరుతిలో పెడితే వాళ్ళకు తృప్తి, తోటకు నష్టం లేదు. సకుతేయికి కూడా తోటలో నీరు తూర్పున మొదలై, దక్షిణంగా వచ్చి, పడమటికి పోవాలంటుంది. దిక్కుల పట్టింపు మనకొక్కరికే లేదు.

## కొండను అరువు తెచ్చుకోవడం

పైన చెప్పిన వాటిలో ఏదీ కుదరకపోయినా, ఉత్తరం వైపు కిటికీయో వరండాయో ఉన్న తిరుపతి ఇంటికి ఒకటి మిగిలే ఉంటుంది. జపాన్ వాళ్ళు షక్కేయ్ అంటారు, దూరంగా ఉన్న దృశ్యాన్ని తోటలోకి అరువు తెచ్చుకోవడం. క్యోటోలో ఎంత్సూజీ అనే గుడి తోట నిజానికి ఒక నాచు నేల, కొన్ని రాళ్ళు, ఒక కంచె. ఆ కంచె పైనుంచి హియే కొండ కనబడుతుంది. తోట అంతా ఆ కొండ కోసమే. అడ్డంగా ఎత్తు కట్టడాలు లేవకుండా 2007లో క్యోటో నగరం నిబంధనలు కఠినం చేసింది.

మనకు శేషాచలం ఊరికి ఉత్తరాన ఉంది. అంటే మనకు కనబడే ముఖం మీద చలికాలమంతా ఎండ పడుతుంది, బండలు ఉదయం ఎర్రగా, సాయంత్రం నీలంగా మారతాయి. రాత్రి ఘాట్ రోడ్డు దీపాలు వరసగా వెలుగుతాయి. కొండ, మనకు మధ్య ఉన్నవాటితోనే తంటా: నల్ల వాటర్ ట్యాంకులు, సెల్ టవర్, ఎవరో ఆరేసిన దుప్పట్లు. చేయాల్సిందల్లా ఆ మధ్య భాగాన్ని దాచడం. మొదటి అంతస్తు వరండాలో పిట్టగోడ పొడవునా తేలిక తొట్లలో నూరువరహాలో, పొట్టి వెదురో పెట్టండి. ముందు ఒక రాయి, ఒక పళ్ళెం చాలు. ఇంకేం పెట్టినా కొండతో పోటీ పడి ఓడిపోతుంది.

పక్కింటాయన ఇంకో అంతస్తు వేస్తే? మనకు క్యోటో నిబంధనలు లేవు. అందుకే ముందు పక్క ప్లాటు ఖాళీగా ఉందా, రోడ్డు ఉందా చూసుకుని ఖర్చు పెట్టండి. కంచె ఎంత ఎత్తులో కత్తిరించాలో నిలబడి కొలవకండి. రోజూ కాఫీ తాగే కుర్చీలోనే కూర్చుని, ఇంకొకరిని కర్ర పట్టుకుని నిలబడమనండి. ట్యాంకులు మాయమై కొండ మిగిలేచోట సుద్దతో గీత పెట్టండి. మా వరండాలో అది నాలుగడుగుల రెండంగుళాలు. పోయిన నెల కుర్చీ మార్చాం, మళ్ళీ కొలవాలి.